ఆలీ పాలీ పందేలు: సగటు చెప్పేది ఎంత, ధర చెప్పేది ఎంత

గుండ్రటి బోర్డు మీదికి చిన్న బాణాలు విసిరే డార్ట్స్‌కు వానతో పని లేదు, పిచ్‌తో పని లేదు. బోర్డు నడిబొడ్డు నేలకు 1.73 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆటగాడు నిలబడే గీత బోర్డుకు 2.37 మీటర్ల దూరంలో ఉంటుంది. ఏ హాల్లో ఆడినా ఈ కొలతలు మారవు. ఎదుటివాడు మన డార్ట్‌ను అడ్డుకోలేడు. పైగా విసిరిన ప్రతి డార్ట్‌కూ లెక్క ఉంటుంది: మూడు డార్ట్‌ల సగటు ఎంత, డబుల్స్‌లో (బోర్డు అంచున రెట్టింపు పాయింట్లిచ్చే సన్నటి గడులు) ఎంత శాతం తగిలాయి, 180లు (మూడు డార్ట్‌లతో దక్కే గరిష్ఠ స్కోరు) ఎన్ని. ఇంత శుభ్రంగా అంకెల్లో ఒదిగే ఆటలు తక్కువ. "ఇతని సగటు 98, అతనిది 93, ఇంకా ఆలోచించాల్సిందేముంది?" అని పందెం కాసేవాడికి అనిపించేది అందుకే.

ఆలోచించాల్సింది చాలా ఉంది. సగటులోని తేడా మ్యాచ్ ఫలితంగా మారే దారి తిన్నగా సాగదు. ఆ దారిలోని మలుపులన్నీ పందేలు స్వీకరించే బుక్‌మేకర్ ముందే కొలిచి ధరలో, అంటే గెలిస్తే ఎంత ఇస్తాడన్న లెక్కలో, కలిపేసి ఉంటాడు. డార్ట్స్ బాగా తెలిసినవాళ్లు కూడా పందెంలో డబ్బు పోగొట్టుకోవడానికి కారణం ఆట తెలియకపోవడం కాదు. తమకు తెలిసినది ధరకు కూడా తెలుసన్న సంగతి మరవడమే.

మాట్లాడుకుంటున్నది పీడీసీ (ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్) ప్రపంచ ఛాంపియన్‌షిప్ గురించి. పాత సంస్థతో తెగదెంపులు చేసుకుని బయటికొచ్చిన ఆటగాళ్ల చొరవతో మొదలైన ఈ పోటీ 1994 నుంచి జరుగుతోంది. మొదట్లో పర్‌ఫ్లీట్‌లోని సర్కస్ టావర్న్‌లో ఆడేవారు. 2007 డిసెంబర్ నుంచి ఉత్తర లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌కు మారింది. అభిమానుల నోట అది ఆలీ పాలీ. డిసెంబర్ నడుమ మొదలై జనవరి మొదటి రోజుల్లో ముగుస్తుంది. 2025 వరకు 96 మంది ఆడేవారు, 2026 పోటీ నుంచి 128 మంది. మొత్తం బహుమతి సొమ్ము 25 లక్షల పౌండ్ల నుంచి 50 లక్షలకు పెరిగింది, అందులో విజేతకే 10 లక్షలు.

బెట్టింగ్ ఈ పోటీకి బయటి విషయం కాదు. కొన్నేళ్లు లాడ్‌బ్రోక్స్, ఆ తర్వాత విలియం హిల్, ఇప్పుడు ప్యాడీ పవర్ దీనికి ప్రధాన స్పాన్సర్లు. ముగ్గురూ బుక్‌మేకర్లే. ప్యాడీ పవర్ వచ్చాక ఆటగాళ్లు కొట్టే ప్రతి 180కి ప్రోస్టేట్ క్యాన్సర్ యూకే అనే ధార్మిక సంస్థకు 1000 పౌండ్లు ఇస్తున్నారు. అది మంచి పనే. కానీ స్కోరు, ప్రకటన, పందెం ఒకే తెర మీద ఇంత దగ్గరగా కనిపించే పోటీలో చూసేవాడు ధరను చదవడం నేర్చుకోక తప్పదని నా అభిప్రాయం.

ధరను చదవడం

బ్రిటన్‌లో ఆడ్స్, అంటే పందెపు ధరలు, ఇప్పటికీ ఎక్కువగా భిన్నాల్లోనే చెబుతారు. ఒక మ్యాచ్‌లో ఫేవరెట్‌కు 4/9, ప్రత్యర్థికి 7/4 ఇచ్చారనుకుందాం. 4/9 అంటే 9 పౌండ్లు కాస్తే, గెలిచినప్పుడు ఆ 9తో పాటు 4 పౌండ్ల లాభం. 7/4 అంటే 4 పౌండ్లకు 7 పౌండ్ల లాభం. వీటిని శాతాల్లోకి మార్చడం తేలికే. మనం కాసే సొమ్మును, గెలిస్తే చేతికొచ్చే మొత్తంతో భాగించాలి. మొదటిదానికి 9ని 13తో భాగిస్తే 69.2 శాతం. రెండోదానికి 4ని 11తో భాగిస్తే 36.4 శాతం. కలిపితే 105.6.

ఇద్దరిలో ఒకరే గెలుస్తారు కాబట్టి నిజమైన అవకాశాలు కలిపితే 100 దాటకూడదు. పైనున్న ఆ 5.6 బుక్‌మేకర్ మార్జిన్. పందేల భాషలో దీన్ని ఓవర్‌రౌండ్ అంటారు. ఆట గురించి ప్రత్యేకంగా ఏమీ తెలియని మనిషి ఇలాంటి ధరల దగ్గర ఏళ్ల తరబడి పందెం కాస్తే, కాసిన ప్రతి 100 పౌండ్లలో దాదాపు 5 పౌండ్లు పోతాయి. ఆట తెలిసినవాడు ముందు ఆ 5 పౌండ్ల లోటు పూడ్చుకోవాలి, లాభం సంగతి ఆ తర్వాతే.

నాలుగు మ్యాచ్‌లు కలిపి ఒకే పందెంగా కాసే అక్యుములేటర్ దగ్గర ఈ లెక్క ఇంకా కఠినం. ఒక్కో మ్యాచ్‌లో 100కి 94.7 మిగులుతుందనుకుంటే, నాలుగు గుణించాక మిగిలేది 80 చిల్లర. అంటే పందెంలో ఐదో వంతు ఆట మొదలవక ముందే కరిగిపోయింది. నలుగురు ఫేవరెట్లను కలిపితే ధర ఆకర్షణీయంగా కనిపిస్తుంది, బుక్‌మేకర్లు అలాంటి పందేలనే ముందుకు తోస్తారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది పూర్తిగా సబబైన పని.

టోర్నీ విజేత మీద కాసే పందెంలో మార్జిన్ ఇంతకన్నా ఎక్కువ. 128 పేర్లకు ధరలు కట్టి శాతాలు కూడితే మొత్తం 100ను బాగా దాటిపోతుంది. ఆ అదనపు భారం అందరి మీదా సమానంగా పడదు కూడా. 500/1 అని రాసి ఉన్న ఆటగాడి నిజమైన అవకాశం చాలాసార్లు దానికన్నా ఎంతో తక్కువ. చిన్న మొత్తానికి పెద్ద కల కొనుక్కోవాలనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్ల వల్ల ఆ చివరి పేర్ల ధరలు పెరగాల్సినంత పెరగవు. ఈచ్-వే అనే పందెంలోనూ జాగ్రత్త కావాలి. 10 పౌండ్ల ఈచ్-వే అంటే నిజానికి 20 పౌండ్లు: పది గెలుపు మీద, పది స్థానం మీద. డార్ట్స్‌లో స్థానం అంటే సాధారణంగా ఫైనల్ చేరడమే, అప్పుడు సగం ఆడ్స్ లెక్కన చెల్లిస్తారు. సెమీఫైనల్లో ఓడితే రెండూ పోయినట్టే.

మరో సంగతి, చాలామందికి తెలియనిది. బ్రిటన్‌లో బుక్‌మేకర్ ప్రతి పందాన్నీ స్వీకరించి తీరాలన్న నియమం లేదు. వరసగా మంచి ధరలు పట్టుకునే ఖాతాదారుడి పందెం పరిమితిని కొద్ది పౌండ్లకు కుదించడం మామూలే. పందెం కాసేవాళ్లే ఒకరికొకరు ధర ఇచ్చుకునే ఎక్స్ఛేంజ్‌లలో ఈ బాధ తక్కువ. అక్కడ గెలిచిన సొమ్ము మీద కమిషన్ తీసుకుంటారు. అయితే చిన్న మ్యాచ్‌లలో ఎదుటి వైపు డబ్బు పెట్టేవాళ్లే దొరకరు.

లెగ్ నుంచి మ్యాచ్ దాకా

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక లెగ్‌లో ఇద్దరూ 501 నుంచి మొదలుపెట్టి సున్నాకు రావాలి, చివరి డార్ట్ తప్పనిసరిగా డబుల్‌లో పడాలి. మూడు లెగ్‌లు ముందు గెలిచినవాడిది సెట్. మొదటి రెండు రౌండ్లు ఐదు సెట్ల మ్యాచ్‌లు, అంటే మూడు సెట్లు గెలిస్తే చాలు. మూడు, నాలుగు రౌండ్లలో నాలుగు సెట్లు కావాలి, క్వార్టర్స్‌లో ఐదు, సెమీస్‌లో ఆరు, ఫైనల్లో ఏడు.

ప్రతి లెగ్‌లోనూ 55 శాతం గెలిచే అవకాశం ఉన్న ఆటగాడిని ఊహించుకోండి. ప్రత్యర్థి కన్నా మెరుగే గానీ మరీ ఎక్కువ కాదు. అతను ఒక సెట్ గెలిచే అవకాశం లెక్క కడితే 59 శాతం వస్తుంది. ఐదు సెట్ల మ్యాచ్ గెలిచే అవకాశం 67. పదమూడు సెట్ల ఫైనల్ గెలిచే అవకాశం 75కు కాస్త ఎక్కువ. మనిషి మారలేదు, చెయ్యి మారలేదు, తేడా అంతా మ్యాచ్ నిడివిదే. మొదటి రౌండ్లో మూడిట ఒకసారి ఓడే ఆటగాడే, అదే ప్రత్యర్థిపై ఫైనల్లో నాలుగిట ఒకసారి మాత్రమే ఓడతాడు.

క్రిస్మస్‌కు ముందు రోజుల్లో సంచలనాలు ఎక్కువగా కనిపించడానికి ఒక పెద్ద కారణం ఇదే. 2019 డిసెంబర్‌లో ఫాలన్ షెరాక్ 3-2తో టెడ్ ఎవెట్స్‌ను ఓడించి, ఈ పోటీలో మ్యాచ్ గెలిచిన తొలి మహిళగా చరిత్రకెక్కారు. తర్వాతి రౌండ్లో 3-1తో మెన్సూర్ సుల్యోవిచ్‌నూ ఓడించారు. రెండూ ఐదు సెట్ల మ్యాచ్‌లే. ఏడు సెట్ల మ్యాచ్ వచ్చేసరికి క్రిస్ డోబీ చేతిలో 4-2తో ఓడిపోయారు. ఆమె విజయాలు నిడివి పుణ్యమని అనడం లేదు. ఆ రెండు రాత్రులూ ఆమె ఒత్తిడిలో కొట్టిన డబుల్స్ ఎవరు కొట్టినా గొప్పవే. పొట్టి మ్యాచ్ అలాంటి ఆటకు తలుపు కాస్త ఎక్కువగా తెరిచి ఉంచుతుందంతే.

సెట్ల పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. ఒకడు రెండు సెట్లు 3-0తో గెలిచి, మూడు సెట్లు 2-3తో ఓడిపోయాడనుకుందాం. అతను గెలిచిన లెగ్‌లు 12, ప్రత్యర్థివి 9. మ్యాచ్ మాత్రం ప్రత్యర్థిది. మర్నాడు గణాంకాలు చూసినవాడికి ఓడినవాడే బాగా ఆడినట్టు కనిపిస్తుంది, ఒక రకంగా అది నిజం కూడా. అందుకే ఒక్క ఫలితాన్ని పట్టుకుని ఆటగాడి ఫామ్ మీద తీర్పు చెప్పడం ప్రమాదం.

ముందు విసిరేది ఎవరన్నది టీవీ చూసేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. లెగ్‌ను ముందుగా ఎవరు మొదలుపెడితే వాళ్లకు ఒక వంతు ముందున్నట్టే. ఇద్దరూ సమాన ప్రతిభ ఉన్నవాళ్లని, తాము మొదలుపెట్టిన లెగ్‌ను 65 శాతం సార్లు నిలబెట్టుకుంటారని అనుకుని లెక్కకడితే, సెట్‌లో తొలి లెగ్ మొదలుపెట్టేవాడు ఆ సెట్ గెలిచే అవకాశం 56 శాతం. సమానుల మధ్య ఇది చిన్న తేడా కాదు. మ్యాచ్‌కు ముందు ఇద్దరూ బుల్ (బోర్డు నడిబొడ్డు) వైపు చెరో డార్ట్ విసిరి ఈ వరస తేల్చుకుంటారు. ఆ తర్వాత సెట్ సెట్‌కూ వంతు మారుతుంది. నిర్ణాయక సెట్ మొదలుపెట్టే హక్కు ఎవరికి దక్కుతుందో అలా తొలి డార్ట్‌తోనే ఖాయమైపోతుంది. తర్వాతి రౌండ్లలో చివరి సెట్ 2-2 అయితే రెండు లెగ్‌ల ఆధిక్యం దక్కేదాకా ఆట సాగుతుంది, 5-5 వద్ద ఒకే ఒక్క లెగ్‌తో తేల్చేస్తారు. 2007 ఫైనల్లో రేమండ్ వాన్ బార్నెవెల్డ్, ఫిల్ టేలర్ అక్కడిదాకా వెళ్లారు. ఆ లెగ్ గెలిచి బార్నెవెల్డ్ 7-6తో ప్రపంచ విజేత అయ్యాడు. అలాంటి మ్యాచ్‌ను ముందే సరిగ్గా ఊహించానని చెప్పుకునేవాడి మాట నేను నమ్మను.

సగటు ఎక్కడ తడబడుతుంది

ఒక్క లెగ్‌ను దగ్గరగా చూద్దాం. మొదట విసిరిన ఆటగాడు 12 డార్ట్‌లలో 461 కొట్టి 40 మీద నిలిచాడు. ఆ క్షణాన అతని సగటు 115 పైనే. ప్రత్యర్థి 12 డార్ట్‌లలో 381 కొట్టి 120 మీద ఉన్నాడు, సగటు 95. మొదటివాడు డబుల్ 20కి గురిపెట్టి మూడు డార్ట్‌లూ తీగ బయట పడేశాడు. ప్రత్యర్థి వచ్చి ట్రెబుల్ 20 (మూడింతల పాయింట్లిచ్చే సన్నటి గడి), సింగిల్ 20, డబుల్ 20 కొట్టి లెగ్ ముగించాడు. ఇప్పుడు లెక్కల్లో గెలిచినవాడి సగటు 100.2, ఓడినవాడిది 92.2. కాగితం మీద చూస్తే బలమైనవాడు గెలిచినట్టే ఉంటుంది. నిజానికి స్కోరింగ్‌లో ఓడినవాడు చాలా ముందున్నాడు, మూడు డార్ట్‌లు మొత్తం తలకిందులు చేశాయి.

సగటు అబద్ధం చెప్పదు గానీ రెండు వేరు వేరు నైపుణ్యాలను ఒకే అంకెలో కలిపేస్తుంది. ట్రెబుల్ 20ని పదేపదే కొట్టడం ఒకటి. ఆ ట్రెబుల్‌కు అటూ ఇటూ 5, 1 ఉంటాయి, గురి కొంచెం పక్కకు పోతే శిక్ష వెంటనే పడుతుంది. మ్యాచ్ చేజారే క్షణంలో డబుల్ కొట్టడం ఇంకొకటి. డబుల్స్‌లో 40 శాతం అందుకుంటే ప్రపంచస్థాయిలో బాగా ఆడినట్టే. ఒక్క మ్యాచ్‌లో గురిపెట్టేది ఇరవై, ముప్పై డబుల్స్ మాత్రమే కాబట్టి, ఆ శాతం ఒక రాత్రి 55కు ఎగబాకుతుంది, మరో రాత్రి 28కి పడిపోతుంది. నైపుణ్యం అదే ఉన్నా అంకె ఊగుతూనే ఉంటుంది. నిన్న రాత్రి 55 శాతం చూసి ఇవాళ అతని మీద కాసేవాడు అదృష్టాన్ని ఫామ్ అనుకుని ఎక్కువ ధర పెడుతున్నాడు.

2017 సెమీఫైనల్లో మైకేల్ వాన్ గెర్వెన్ సగటు 114.05. ఈ పోటీలో అది రికార్డు. ఆ రాత్రి ఓడిన వాన్ బార్నెవెల్డ్ సగటు కూడా 109 దాటింది. చాలా ఫైనళ్లు గెలిపించే స్థాయి ఆటతో అతను ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. 2022 ఫైనల్లో మైకేల్ స్మిత్ 24 సార్లు 180 కొట్టి, పీటర్ రైట్ చేతిలో 7-5తో ఓడాడు. ఎక్కువ 180లు ఎవరివి అన్న పందెం, ఎవరు గెలుస్తారన్న పందెం ఒకటే అనుకునేవాళ్లు ఆ ఫైనల్ స్కోరుకార్డు ఒకసారి చూడాలి.

అదే స్మిత్ మరుసటి ఏడాది ఫైనల్లో రెండో సెట్‌లో ఆడిన లెగ్ డార్ట్స్ చరిత్రలోనే ప్రసిద్ధం. వాన్ గెర్వెన్, స్మిత్ ఇద్దరూ రెండేసి 180లతో మొదలుపెట్టారు. వాన్ గెర్వెన్ ట్రెబుల్ 20, ట్రెబుల్ 19 కొట్టి తొమ్మిదో డార్ట్‌ను డబుల్ 12 దగ్గర చేజార్చుకున్నాడు. స్మిత్ వెంటనే వచ్చి అదే 141ని అదే వరసలో, ట్రెబుల్ 20, ట్రెబుల్ 19, డబుల్ 12 కొట్టి ముగించాడు. ఇద్దరూ కలిపి విసిరిన 18 డార్ట్‌లలో తప్పింది ఒక్కటే. వ్యాఖ్యాతలు ఆనందంతో అరిచారు, హాలు ఊగిపోయింది. స్కోరుబోర్డు మీద మాత్రం దాని విలువ ఒక్క లెగ్, 25 డార్ట్‌లు తీసుకుని ముగించినా దక్కేది అంతే. ఫైనల్ 7-4తో స్మిత్ గెలిచాడు, కానీ ఆ లెగ్ వల్ల కాదు.

నైన్ డార్టర్, అంటే తొమ్మిదే డార్ట్‌లలో లెగ్ ముగించడం, మీద పందేలు ఏటా బాగా నడుస్తాయి. ఎందుకు నడుస్తాయో చూడండి. ట్రెబుల్‌ను 45 శాతం, చివరి డబుల్‌ను 40 శాతం కొట్టే మేటి ఆటగాడు ఒక లెగ్‌ను తొమ్మిది డార్ట్‌లలో ముగించే అవకాశం దాదాపు 1500లో ఒకటి. ఒక్క మ్యాచ్‌లో అది జరగదనే అనుకోవాలి. టోర్నీ మొత్తంలో ఇద్దరిద్దరు చొప్పున వేలకొద్దీ ప్రయత్నాలు జరుగుతాయి కాబట్టి ఒకటో రెండో పడతాయి, పడకపోనూవచ్చు. 2022లో మూడు పడ్డాయి, 2023లో ఒకటి, 2024లో ఒక్కటీ లేదు, 2025లో రెండు. 2022లో విలియం బోర్లాండ్ నిర్ణాయక సెట్ నిర్ణాయక లెగ్‌లో నైన్ డార్టర్ కొట్టి మ్యాచ్ గెలిచాడు. 2025లో కొట్టిన క్రిస్టియన్ కిస్ట్, డేమన్ హెటా ఇద్దరూ ఆ మ్యాచ్‌లు ఓడిపోయారు.

ఇలాంటి పక్క పందేలలో, అంటే అత్యధిక చెక్‌ఔట్ (లెగ్ ముగించిన చివరి వంతులో కొట్టిన స్కోరు), కచ్చితమైన సెట్ల స్కోరు, మొదటి 180 ఎవరిది వంటివాటిలో మార్జిన్ సాధారణంగా మ్యాచ్ విజేత పందెం కన్నా ఎక్కువే. సాధ్యమైన ఫలితాలు ఎన్ని ఎక్కువైతే, ఒక్కోదాని ధరలో కొంచెం కోత వేయడం అంత సులభం. ఆ కోత కంటికి కనిపించదు.

కొత్త ముఖాలు

ధర తప్పే చోటు ఏదైనా ఉందంటే అది కొత్త ఆటగాళ్ల దగ్గర. లెక్కలకు గతం కావాలి, కొత్తవాడికి గతం ఉండదు. ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన రాబ్ క్రాస్ 2018లో తొలిసారి ఆడుతూనే టైటిల్ కొట్టాడు. సెమీస్‌లో వాన్ గెర్వెన్ మ్యాచ్ గెలిపించగల డార్ట్‌లు చేజార్చుకున్నాక సడన్ డెత్ లెగ్‌లో 6-5తో గెలిచి, ఫైనల్లో ఫిల్ టేలర్‌ను 7-2తో ఓడించాడు. 2024లో ల్యూక్ లిట్లర్ 16 ఏళ్ల వయసులో, అదీ తొలి ప్రయత్నంలోనే ఫైనల్ చేరి ల్యూక్ హంఫ్రీస్ చేతిలో 7-4తో ఓడాడు. బ్రిటన్ చట్టం ప్రకారం పందెం కాయడానికి 18 ఏళ్లు నిండాలి, అంటే దేశమంతా తన మీద డబ్బు పెడుతున్న ఆ రోజున అతనికి పందెం కాసే వయసే లేదు.

క్రాస్, లిట్లర్ పేర్లు చెప్పి "ఈసారి కొత్తవాడిని ముందే పట్టేద్దాం" అనేవాళ్లను ఏటా చూస్తున్నాం. గుర్తుండిపోయేది గెలిచిన కొత్తవాళ్లే. మొదటి రెండు రౌండ్లలో వెళ్లిపోయిన డజన్ల కొద్దీ యువకుల పేర్లు ఎవరికీ గుర్తుండవు, వాళ్ల మీద పెట్టిన డబ్బూ లెక్కలోకి రాదు. ఇక ఒకసారి ప్రతిభ బయటపడ్డాక ధర మేల్కొనడానికి ఎంతో కాలం పట్టదు. లిట్లర్ 2025లో వాన్ గెర్వెన్‌ను 7-3తో, 2026లో జియాన్ వాన్ వీన్‌ను 7-1తో ఓడించి టైటిళ్లు గెలిచాడు. అప్పటికే అతను ఫేవరెట్. అతను గెలుస్తాడని సరిగ్గా ఊహించడం కష్టం కాలేదు, ఇచ్చిన ధర ఆ రిస్కుకు తగినదా అన్నదే ప్రశ్న. హంఫ్రీస్ డిఫెండింగ్ ఛాంపియన్‌గా వచ్చి 2025 నాలుగో రౌండ్లోనే పీటర్ రైట్ చేతిలో 4-1తో ఓడాడు. అతి తక్కువ ధర పలికే ఆటగాడు టైటిల్ గెలవాలంటే ఏడు మ్యాచ్‌లు వరసగా గెలవాలి. ఒక్కోదాన్ని 85 శాతం అవకాశంతో ఆడినా ఏడూ గెలిచే అవకాశం మూడిట ఒకటి లోపే.

మ్యాచ్ నడుస్తుండగా

లైవ్ బెట్టింగ్‌కు డార్ట్స్ ప్రాణం పోసిందనే చెప్పాలి. కొన్ని సెకన్లకోసారి స్కోరు మారుతుంది, ధర దాని వెంటే పరుగెడుతుంది. ఇక్కడ ఇంట్లో కూర్చున్నవాడికి ఒక కచ్చితమైన నష్టం ఉంది. హాల్లో డార్ట్ పడిన క్షణానికీ తెర మీద అది కనిపించే క్షణానికీ మధ్య ఆలస్యం ఉంటుంది, ఇంటర్నెట్ ప్రసారంలో ఇంకా ఎక్కువ. బుక్‌మేకర్‌కు స్కోరు నేరుగా హాలు నుంచి అందుతుంది. మీరు బటన్ నొక్కిన పందాన్ని కూడా కొన్ని సెకన్లు ఆపి, ఆలోపు ఏమీ జరగలేదని చూసుకున్నాకే ఒప్పుకుంటారు. డబుల్ 16 తప్పిందని మీరు చూసేసరికి ఆ తప్పు ధరలోకి వచ్చేసి ఉంటుంది. వేగంగా ఊగే ధరలు ఆవేశాన్ని కూడా అంతే వేగంగా రెచ్చగొడతాయి, ఒక లెగ్‌లో పోయింది మరో లెగ్‌లో రాబట్టుకుందామన్న ఆరాటం పుడుతుంది. డార్ట్స్ పందేలలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కాయడం నిషేధం. గామ్‌స్టాప్ అనే స్వీయ నిషేధ పథకంలో పేరు నమోదు చేసుకుంటే అక్కడ లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ బుక్‌మేకర్లందరి దగ్గరా ఒకేసారి తలుపులు మూసుకోవచ్చు. అదుపు తప్పుతోందని అనిపించిన రోజే చేయాల్సిన పని అది.

ఇక ఆట నిజాయితీ సంగతి. ఒంటరిగా ఆడే ఆటలో ఒక లెగ్‌ను కావాలని వదిలేయడం సాంకేతికంగా కష్టం కాదు, డబుల్‌ను వేలి వెడల్పు తేడాతో తప్పిస్తే ఎవరూ గుర్తుపట్టలేరు. గుర్తుపట్టేది పందేల సరళిని బట్టి. ఎవరికీ పట్టని మ్యాచ్‌లో ఒక్కసారిగా ఒకే వైపు డబ్బు వచ్చి పడితే బుక్‌మేకర్లే ముందు ఫిర్యాదు చేస్తారు. డార్ట్స్ రెగ్యులేషన్ అథారిటీ కింద ఉన్న ఆటగాళ్లు డార్ట్స్ మీద అసలు పందెం కాయకూడదు. బ్రిటన్‌లో 2005 గ్యాంబ్లింగ్ చట్టం కింద పందెంలో మోసం చేయడం జైలు శిక్ష పడే నేరం. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఆటగాళ్లు ఇళ్లలోనే బోర్డు పెట్టుకుని కెమెరా ముందు ఆడిన పోటీల్లో అనుమానాలు తలెత్తి, మ్యాచ్ ఫిక్సింగ్‌కు ఇద్దరిపై ఆ సంస్థ అదే ఏడాది నిషేధం విధించింది.

ఆ మ్యాచ్‌లు ఎక్కడ జరిగాయో గమనించాలి. ఆలీ పాలీ వేదిక మీద 2026లో మొదటి రౌండ్లో ఓడినవాడికే 15,000 పౌండ్లు దక్కాయి, ఒక్క మ్యాచ్ గెలిస్తే 25,000. అంత సొమ్ము, అన్ని కెమెరాలు, పరువు పణంగా ఉన్న చోట మ్యాచ్ అమ్ముకోవాలన్న ఆశ పుట్టడం కష్టం. ప్రమాదమంతా బహుమతి తక్కువగా ఉండి, మ్యాచ్‌లు మాత్రం రోజంతా తెర మీద నడిచే చిన్న పోటీలది. అక్కడ ఆటగాడి సంపాదన కన్నా అతని లెగ్ మీద తిరిగే పందెం పెద్దది కావచ్చు. అలాంటి మ్యాచ్‌లకు బుక్‌మేకర్లు తీసుకునే గరిష్ఠ పందెం ప్రపంచ ఛాంపియన్‌షిప్‌తో పోలిస్తే చాలా తక్కువగా ఉండేది అందుకే.